మొదటి పురుడు ఎవరి పద్దు?

"గర్భం జబ్బు కాదు కదమ్మా!"

ఆ మాటన్న అబ్బాయికి పాతికేళ్లు కూడా ఉండవు. నా దగ్గర డిగ్రీ చదువుకున్న పిల్లల్లాగే ఉన్నాడు. 2023 డిసెంబరులో, బెజవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రి కింది అంతస్తులో, బిల్లు కట్టే కిటికీ పక్కన 'ఇన్సూరెన్స్ డెస్క్' అని రాసి ఉన్న చిన్న గదిలో కూర్చుని ఉన్నాడు. మా అమ్మాయికి ముప్పై నాలుగో వారంలో బీపీ పెరిగి, కళ్ల ముందు మెరుపులు మెరుస్తున్నాయని అంటే బందరు నుంచి అంబులెన్సులో తీసుకొచ్చాం. ఆ రాత్రే ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. తల్లి రెండు రోజులు ఐసీయూలో, బిడ్డ పై అంతస్తులో అద్దాలపెట్టెలో పదకొండు రోజులు. మధ్యలో మెట్ల మీద నేను.

పాలసీ తీసుకుని అప్పటికి ఇరవై రెండు నెలలు. కాన్పు ఖర్చు కూడా వచ్చేదే కావాలని వెతికి, కొంచెం ఎక్కువ ప్రీమియం అయినా సరేనని మా అల్లుడు తీసుకున్న పాలసీ అది. కాకపోతే ఇరవై నాలుగు నెలలు నిండాలి. "ఇంకో రెండు నెలలు ఆగి ఉంటే వచ్చేదమ్మా" అని ఆ అబ్బాయి నిజంగానే నొచ్చుకున్నాడు. ఎవరు ఆగి ఉంటే? ఆ ప్రశ్న అడగలేదు నేను. "కాన్పుకి రాకపోతే పోనీ, బీపీకి ఇవ్వండి, ఐసీయూకి ఇవ్వండి" అన్నాను. కాన్పు వల్ల వచ్చిన చిక్కులన్నీ కాన్పు కిందికే వస్తాయట. మరి బిడ్డకో? తొంభై రోజులు నిండితే గాని బిడ్డ పేరు పాలసీలోకి ఎక్కదట. కడుపులో ఉన్నంతకాలం తల్లి ఒంట్లో భాగంగా లెక్కకు రాని బిడ్డ, బయటపడ్డాక మూడు నెలల దాకా ఇంట్లో మనిషిగానూ లెక్కకు రాదన్నమాట. అప్పుడన్నాడు ఆ మాట, నన్ను ఓదార్చడానికే.

బిల్లు బాధించలేదని కాదు. దాని సంగతి తర్వాత చెప్తాను. కానీ ఆ మాట అంతకన్నా ఎక్కువ గుచ్చుకుంది, ఎందుకంటే అది నా మాట. 1990ల్లో మా కాలేజీ ఆడపిల్లల్ని కూర్చోబెట్టుకుని 'సవాలక్ష సందేహాలు' చదివించిన రోజుల్లో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. గర్భం జబ్బు కాదు, గర్భిణి రోగి కాదు, మన ఒంటిని మొత్తంగా డాక్టర్ల చేతిలో పెట్టేయనక్కర్లేదు అని. కొండేపూడి నిర్మల 'లేబర్ రూం' కవిత మీద స్టాఫ్ రూములో గంటలకొద్దీ వాదించుకున్నాం. మేమన్నప్పుడు ఆ మాటకి అర్థం, ఆమెను రోగిలా పడుకోబెట్టి ఏది పడితే అది చేయొద్దని. బల్ల అవతల నుంచి అదే మాట తిరిగొచ్చేసరికి, ఆమె ఖర్చుతో మాకు పని లేదని అర్థం. జబ్బు కాకపోతే మరి దాన్ని ఎవరు భరించాలి అనే ప్రశ్న మేము అడిగామా? కార్మిక సంఘాల్లో ఆడవాళ్లు ఎప్పుడో అడిగారు. మాలాంటి కాలేజీ స్త్రీవాదులం అంతగా పట్టించుకోలేదు. మాకు సర్కారు ఉద్యోగాలూ, జీతంతో సెలవులూ ఉన్నాయి మరి.

ఆ రాత్రి నిద్ర పట్టక వరండాలో కూర్చుని పాలసీ పుస్తకం మొదటి పేజీ నుంచి చదివాను. రిటైరైన లెక్చరర్‌ని, చదవడం తప్ప ఇంకో పని చేతకాదు. మన దేశంలో ఆరోగ్య బీమా కంపెనీలు దేనికి డబ్బివ్వవో ఆ జాబితాను 2019లో బీమా నియంత్రణ సంస్థ ఒకే మాటల్లోకి తెచ్చి, ఒక్కోదానికి ఒక నంబరు ఇచ్చింది. ఆ సంస్థ ఆఫీసు హైదరాబాదులోనే ఉంది. అందం కోసం చేయించుకునే ఆపరేషన్లు 8. సాహస క్రీడలు 9. చట్టాన్ని అతిక్రమిస్తూ తగిలించుకున్న దెబ్బలు 10. మద్యం, మత్తుమందుల వల్ల వచ్చిన జబ్బులు 12. పిల్లలు పుట్టకపోవడం 17. పిల్లలు పుట్టడం 18. ఈ ఆఖరి రెండూ పక్కపక్కనే ఉండటం చూసి ఆ వేళలోనూ నవ్వొచ్చింది. గొడ్రాలైనా బయటే, బాలింతైనా బయటే. గర్భసంచి ఉన్న మనిషి దాన్ని ఏం చేసినా కంపెనీకి పట్టదు. తీయించుకుంటే తప్ప. గర్భసంచి తొలగింపుకి చాలా పాలసీల్లో రెండేళ్లు ఆగితే డబ్బొస్తుంది, అదనపు ప్రీమియం కూడా అక్కర్లేదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల లోపు ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద ఎక్కువగా ఉన్న రాష్ట్రం మనదే, నూటికి దాదాపు తొమ్మిది మంది. బీమా వల్లే అలా జరిగిందని నేననడం లేదు. ఏ ఆపరేషన్‌కి తలుపు తెరిచి ఉందో, దేనికి మూసి ఉందో చూడమంటున్నాను.

18వ నంబరులోనే ఇంకో రెండు మాటలున్నాయి. గర్భసంచిలో కాకుండా గొట్టంలో పిండం నిలిస్తే దానికి డబ్బిస్తారు. గర్భస్రావమైతే ఇవ్వరు, ప్రమాదం వల్ల అయితే ఇస్తారు. అంటే కాలు జారి పడి కడుపు పోతే అది నష్టం. దానంతటది పోతే కాదు. నిలవకూడని చోట నిలిచిన గర్భం వైద్యం, నిలవాల్సిన చోట నిలిస్తే సొంత వ్యవహారం.

ఈ విడదీతల వెనక ఒక తర్కం ఉంది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. అనుకోకుండా వచ్చిపడే నష్టానికే బీమా. ఓడ మునగడం, ఇల్లు కాలడం ఎవరూ కోరుకోరు. బిడ్డను కోరుకుంటారు. కోరి తెచ్చుకున్నది నష్టమెలా అవుతుంది? పైగా నెల తప్పాక పాలసీ తీసుకుని, కాన్పవగానే మానేస్తే, మిగతావాళ్లు కట్టిన డబ్బంతా అటే పోతుంది. అందుకే ఈ ఆగడాలు, ఈ గడువులు.

కానీ మోటారు సైకిలు కొనుక్కున్నవాడు కోరే కొనుక్కుంటాడు. ఎక్కాలనే ఎక్కుతాడు. పడితే కాలి ఖర్చు ఇస్తారు. బండి కోరుకున్నాడు గాని కాలు విరగ్గొట్టుకోవడం కోరుకోలేదని అందరికీ తెలుసు. మా అమ్మాయి బిడ్డను కోరుకుంది, నిజమే. కళ్ల ముందు మెరుపులు కోరుకోలేదు. మన ఇళ్లలో పురుడంటే ఆడదానికి పునర్జన్మ అని ముసలివాళ్లు ఇప్పటికీ అంటారు. మళ్లీ పుట్టడమంటే, పోయే వీలున్నచోటికి వెళ్లి తిరిగి రావడమే కదా. అది ముప్పు కాదని చెప్పడానికి మనిషికి ఎంత ధీమా ఉండాలి!

అసలు కోరుకున్నదెవరు అనేది ఇంకో ప్రశ్న. పెళ్లయిన మూడో నెల నుంచే గుడివాడలో మా వియ్యపురాలు "విశేషమేమీ లేదా?" అని మొదలుపెట్టింది. నేను మాత్రం తక్కువ తిన్నానా? నోటితో అడగలేదు, అంతే. మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామి గుడికి వెళ్దాం రమ్మని రెండుసార్లు అన్నాను. అక్కడికి ఎందుకు వెళ్తారో ఈ చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు. కడుపు పండేదాకా అది వంశం, మా అందరి కోరిక, ఊరందరి ఆరా. బిల్లు వచ్చేసరికి అదే ఆమె సొంత ఇష్టం. మన 'ఎంపిక' అనే మాట కూడా, ఆ గర్భం జబ్బు కాదన్న మాటలాగే, మన చేతిలోంచి జారి ఎవరి అవసరానికో పనికొస్తోందని నాకు ఆ వరండాలో తోచింది.

బిల్లు నాలుగు లక్షల పద్దెనిమిది వేలు. రెండో రోజు పొద్దున్నే వియ్యపురాలు గుడివాడ నుంచి వచ్చింది. అద్దాలపెట్టెలో మనవరాలిని చూసి నాకన్నా ఎక్కువ ఏడ్చింది. చెడ్డమనిషి కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. మధ్యాహ్నం క్యాంటీన్‌లో టీ తాగుతూ, నెమ్మదిగా, "మొదటి పురుడు మీదే కదా వదినగారూ" అంది. అడగడం కాదు, గుర్తుచేయడమూ కాదు. ఇవాళ మంగళవారం కదా అన్నట్టుగా అంది. అల్లుడు తల వంచుకున్నాడు. అతనిది చేపల మేత వ్యాపారం, ఆ ఏడు దెబ్బతిని ఉన్నాడు. అందుకే కంపెనీ ఉద్యోగులకుండే గ్రూపు పాలసీ లేదు వాళ్లకి. "అవును వదినగారూ, మాదే" అన్నాను నేను. ముప్పై ఏళ్లు ఆడపిల్లలకి సమానత్వం మీద పాఠాలు చెప్పినదాన్ని, రెండో ఆలోచన లేకుండా అన్నాను. ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసేశాను.

తర్వాత ఆలోచిస్తే, ఆ అబ్బాయి ఇవ్వనన్నదీ, ఈవిడ నాదన్నదీ ఒకే వాక్యంలో రెండు సగాలని అర్థమైంది. కాన్పుని కంపెనీలు ఇంత ధైర్యంగా బయట పెట్టగలుగుతున్నాయంటే, ఆ బయట ఎవరో ఒకరు చేతులు చాచి ఉన్నారనే కదా. మన దగ్గర ఆ చేతులు పుట్టింటివి. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో సీమంతం చేసి తీసుకురావడం, పురుడు పోయడం, పథ్యం, కాయం, సాంబ్రాణి పొగ, ఉయ్యాల, మూడో నెలనో ఐదో నెలనో సారెతో దిగబెట్టడం. ఇందులో ప్రేమ లేదని ఎవరనగలరు? అమ్మ దగ్గర నీళ్లాడాలని ప్రతి ఆడపిల్లకీ ఉంటుంది. ఆ ప్రేమ నీడలో ఒక లెక్క నడుస్తుంది. బిడ్డ ఇంటిపేరు వాళ్లది, బిల్లు మీద సంతకం వీళ్లది.

పుట్టిల్లు ఎంతవరకు భరించగలదో నేను పన్నెండేళ్లప్పుడే చూశాను. మా అమ్మవాళ్లది దివిసీమ, నాగాయలంక దగ్గర. 1977లో మా పిన్ని తొలిచూలు. గుడివాడ పక్క పల్లె నుంచి పురిటికి పుట్టింటికి వచ్చింది. నవంబరు మూడో వారంలో ఆసుపత్రిలో చూపించడానికి మా అమ్మ ఆమెను బందరు మా ఇంటికి తీసుకొచ్చింది. పంతొమ్మిదో తారీఖు, శనివారం, ఉప్పెన వచ్చింది. దివిసీమలో పోయినవాళ్లు సుమారు పదివేల మంది అంటారు. మా తాతయ్య దొరకలేదు. అమ్మమ్మ ఊరి గుళ్లో తలదాచుకుని బతికింది. ఇల్లు ఉన్నచోట బురద, ఉప్పు.

పిన్ని డిసెంబరులో బందరు ప్రభుత్వ ఆసుపత్రిలో కన్నది. ఆడపిల్ల. కట్టుబట్టలతో వచ్చిన అమ్మమ్మ మా ఇంట్లో ఒక మూల కూర్చునే ఉండేది. ఇరవై ఒకటో రోజుకి పిన్ని అత్తగారు వాళ్లు వచ్చారు. ఉప్పెన గురించి చాలాసేపు మాట్లాడారు, బాధపడ్డారు. లేచి వెళ్లేముందు, ఉయ్యాలకి మీవైపు నుంచి ఏమనుకుంటున్నారని మా అమ్మను అడిగారు. అమ్మమ్మ మెడలోంచి తీసేసిన పుస్తెలు అప్పటికి గుడ్డలో కట్టి ఉన్నాయి. వాటిని మా నాన్న చేతికిచ్చి అమ్ముకురమ్మంది. మావయ్య వద్దన్నాడు, మా అమ్మ ఏడ్చింది, అమ్మమ్మ వినలేదు. "మొదటి పురుడు, మాట పడకూడదు" అంది. నేను ఇప్పటికీ ఆ 'మాట' అనే మాట దగ్గరే ఆగిపోతుంటాను. తాతయ్యా ఇల్లూ పోయినదాని మీద కూడా పడగలిగే మాట!

ఒకరి నష్టాన్ని వందమంది కొంచెం కొంచెంగా పంచుకోవడం బీమా. మన ఆచారం దీన్ని తిరగేసింది. వందమంది కోరుకున్నదాని ఖర్చు ఒక్క ఇంటి మీద, అదీ ఆడపిల్లను కన్న ఇంటి మీద పడుతుందని ముందే రాసిపెట్టి ఉంచింది. ఆ ఇల్లు కొట్టుకుపోయినా రాత చెరగదు.

పంచుకోవడమనేది మా ఊరికి తెలియని విద్యేమీ కాదు. బందరులోనే 1923లో ఆంధ్రా బ్యాంకు పుట్టింది, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ పుట్టింది. రెండూ పెట్టిన భోగరాజు పట్టాభి సీతారామయ్య ఈ ఊళ్లో ప్రాక్టీసు పెట్టిన డాక్టరు. ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. జీవిత బీమా 1956లోనే జాతీయమైంది, ఎల్ఐసీ డివిజనల్ ఆఫీసు బందరులో ఇప్పటికీ ఉంది. ఒక డాక్టరు పెట్టిన బీమా కంపెనీ ఉన్న ఊళ్లో, పురుటి మంచం మీద పోతున్న ఆడవాళ్ల గురించి బీమా పరంగా ఎవరైనా ఆలోచించారా అని ఒక్కోసారి అనుకుంటాను. బీమాకి ఆడవాళ్ల ఒంటి మీద ఆసక్తి మాత్రం ఎప్పుడూ ఉంది. ఎల్ఐసీలో ఉద్యోగానికి దరఖాస్తు చేసుకునే స్త్రీలు బహిష్టు ఎప్పుడైంది, సక్రమంగా వస్తుందా, ఎన్నిసార్లు గర్భం వచ్చింది అని ఫారంలో రాయాల్సి వచ్చేది. నీరా మాథుర్ అనే ఆమెను ప్రొబేషన్‌లో ఉండగా, ప్రసూతి సెలవు తర్వాత ఉద్యోగంలోంచి తీసేస్తే, 1991లో సుప్రీంకోర్టు తిరిగి చేర్చుకోమంది, ఆ గడులు తీసేయమంది. అడిగే హక్కు ఉందనుకున్నారు, భరించే బాధ్యత ఉందనుకోలేదు.

ఇది మనకొక్కరికే పట్టిన తెగులూ కాదు. అమెరికాలో కాలిఫోర్నియా ప్రభుత్వ బీమా నిధి గర్భాన్ని బయట పెడితే, 1974లో అక్కడి సుప్రీంకోర్టు అది ఆడా మగా తేడా చూపించడం కాదంది. అది మనుషుల్ని గర్భవతులు, గర్భవతులు కానివాళ్లు అని విడదీస్తోందట, రెండో గుంపులో ఆడవాళ్లూ ఉన్నారు కదా అట! లాజిక్ క్లాసులో పిల్లలకి చెప్పుకోదగ్గ ఉదాహరణ. ఉద్యోగుల వరకు దాన్ని సరిచేయడానికి 1978లో చట్టం తెచ్చుకున్నారు. విడిగా కొనుక్కునే పాలసీలన్నింటిలో కాన్పు ఉండి తీరాలనే నియమం 2014లో గాని రాలేదు. అప్పుడు కూడా మగవాళ్లు అడిగారు, నేను కనను కదా, నేనెందుకు కట్టాలి అని. కనడు సరే. పుట్టాడు కదా! బతికున్న ప్రతి మనిషీ ఒకసారి వాడేసుకున్న క్లెయిము ఇది. మోకాలి ఆపరేషన్‌కి కట్టమంటే, నాకు మోకాలు అరగదని చెప్పే హక్కు ఒకడికి ఉంటే ఉండొచ్చు. నేను పుట్టలేదని ఎవరు చెప్పగలరు?

గడువుల సమస్యకి జవాబు కూడా మన దగ్గరే, 1948 నుంచీ ఉంది. ఈఎస్ఐలో జీతంలోంచి నూటికి ముప్పావలా ఆడా మగా అందరి దగ్గరా కోస్తారు, యజమాని తన వంతు కలుపుతాడు, కాన్పు అందులోనే ఉంటుంది. అందరూ లోపలే ఉన్నప్పుడు, నెల తప్పాక దూరివచ్చే మనిషి గురించి భయపడే పనిలేదు. నెలకి 21 వేలు దాటితే మాత్రం అందులో చోటు లేదు. మా అమ్మాయి ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్, జీతం 28 వేలు. 26 వారాల సెలవు ఇవ్వాలని 2017 సవరణ చెప్తోంది. కాలేజీ వాళ్లు మాత్రం, రాజీనామా ఇచ్చి వెళ్లమ్మా, జూన్‌లో మళ్లీ చూద్దాం అన్నారు. ఆమె ఇచ్చింది. పోట్లాడమని నేను చెప్పలేదు, అప్పటికే బీపీ ఉంది.

అదే డిసెంబరులో మా ఇంట్లో పనిచేసే ఆమె చిన్నకూతురు ప్రభుత్వ ఆసుపత్రిలో ఆపరేషన్ అయి మగపిల్లాడిని కన్నది. 2011 నుంచి సర్కారు ఆసుపత్రుల్లో కాన్పు, ఆపరేషన్, మందులు, తిండి, ఇంటికి దిగబెట్టడం అన్నీ ఉచితమే కదా. తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ వాళ్ల వీధిలోకి వచ్చి దింపింది. ఆమెకి మొదటి బిడ్డకిచ్చే కేంద్రం డబ్బు ఐదు వేలూ వస్తుంది. ఆరు వేలకు తగ్గకూడదని 2013 చట్టంలో ఉంటే ఐదు ఎందుకైందంటే, మిగతా వెయ్యి ఇంకో పథకంలోంచి కలుపుకోమంటారు. ఆమె నన్ను అడిగింది, "మీరెందుకు బెజవాడ పోయారమ్మగారూ? మన పెద్దాసుపత్రిలో చిన్నపిల్లల పెట్టెలు లేవా?" 2023లోనే బందరులో ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా మొదలైంది. మేము ఆ వైపు చూడనైనా లేదు. వియ్యపురాలు ఏమనుకుంటుందో అని నాకు, అమ్మ దగ్గర డబ్బుండీ సర్కారు ఆసుపత్రిలో వేసిందంటారని అమ్మాయికి. 'మాట పడకూడదు' అన్నది అమ్మమ్మతో పోలేదు. కంపెనీ మీద నాకున్న కోపంలో కొంత న్యాయంగా మా మీదికే రావాలి. అందరి కోసం ఉన్నదాన్ని మనలాంటివాళ్లం వదిలేసి వెళ్లిపోయాకే, విడివిడిగా కొనుక్కోవలసి వచ్చి, కొనుక్కున్నదాంట్లో 18వ నంబరు కనిపించింది.

ఫిబ్రవరి చివర్లో ఒక పొద్దున బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకుని నూనె రాస్తున్నాను. అమ్మాయి పక్కనే ఉంది. ఫోను మోగితే చేతికి నూనె ఉందని స్పీకరు పెట్టింది. పాలసీ అమ్మిన ఏజెంటు. "కంగ్రాట్స్ మేడమ్, మీ వెయిటింగ్ పీరియడ్ అయిపోయింది. ఇంక ఎప్పుడైనా ప్లాన్ చేసుకోవచ్చు."

అమ్మాయి నా వైపు చూసింది. నేను బిడ్డ వైపు చూశాను.

"పాప పేరు ఎక్కించడానికి ఇంకా ఎన్ని రోజులుందండీ?" అని అడిగింది.

"పుట్టిన తేదీ చెప్పండి మేడమ్... ఇంకా ఇరవై రోజులు."

చెయ్యి తుడుచుకుని లేచి, గోడ మీది క్యాలెండరులో కాగితం తిప్పి మార్చిలో ఒక తేదీ చుట్టూ సున్నా చుట్టింది. అప్పటిదాకా జలుబు కూడా చేయనివ్వకూడదని, వేణ్నీళ్లు ఇంకొంచెం కాగనిమ్మంది.